పేరు పెట్టని పువ్వు

"ఇదొక్కటీ గడప దాటదు. మిగతావన్నీ తీసుకెళ్ళండి."

అని ఆ ఫోటోకి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది పిచుక.

గోడకు చేరవేసి, ముఖం గోడవైపు తిప్పి పెట్టిన ఫోటో అది. నిలబెడితే మనిషంత ఎత్తు. దాన్ని కప్పడానికి దుప్పటి పట్టుకుని నిలబడ్డ ఫ్రేములాయన మొగుడి వంకా పెళ్ళాం వంకా మార్చి మార్చి చూశాడు. "మిగిలినవన్నీ ఎక్కించేశాను సార్. నేను కింద వాన్ దగ్గర ఉంటా" అని మెల్లగా జారుకున్నాడు.

పిచుక అన్నది అత్తగారు పెట్టిన ముద్దుపేరు. ఒకచోట కుదురుగా కూర్చోదని పెట్టింది. ఇవాళ మాత్రం కోడలు పొద్దుటి నుంచీ కుదురుగానే కూర్చుంది, ఆ ఫోటోకి కాపలాగా.

"లే," అన్నాడు ఆమె మొగుడు ఫోటోగ్రాఫరు.

"లేవను."

"సాయంత్రం ఎగ్జిబిషన్ పెట్టుకుని ఇప్పుడా ఈ రభస? నిన్నటి దాకా బాగానే ఉన్నావుగా!"

"నిన్నటి దాకా నాకు తెలియదుగా."

నిన్న ఫ్రేములన్నీ హాల్లో వరసగా పేర్చి, అద్దాలు తుడవమని అతనే ఆమె చేతికి మెత్తటి గుడ్డ ఇచ్చాడు. గులాబీలు, లిల్లీలు, నిలువునా కోసిన క్యాబేజీ, ఎండి విచ్చుకున్న విత్తనాల కాయలు, గవ్వలు. అన్నీ నలుపు తెలుపుల్లోనే. ఆఖరున ఇది. ఒకదానిలో ఒకటి ఒదిగిన రేకులు, ముడతలు పడ్డ అంచులు, నడిమధ్యకు వచ్చేసరికి ఎక్కడికో దిగిపోయే చీకటి. ఇంత అందమైన పువ్వుని ఈయన ఎప్పుడు తీశాడా అని మురిసిపోతూనే తుడిచింది. కింది మూలకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

అక్కడ ఆవగింజంత నల్లటి చుక్క ఉంది. దుమ్మేమోనని గోటితో గీకింది. పోలేదు. దాని పక్కనే, టేపు లాగినప్పుడు చర్మం చిట్లిన సన్నటి గీత.

ఆ చుక్క ఆమెకు తెలుసు. రోజూ పొద్దున్నే దాని పక్కనుంచే టేపు అంటిస్తుంది. అత్తగారి నడుము కింద ఉన్న పుట్టుమచ్చ అది. ఫోటోలో ఉన్నది పువ్వు కాదు. మంచాన పడ్డ మనిషికి ఒరుసుకుపోయి, గుంటపడి, ఇప్పటికీ మానని పుండు.

"ముఖం ఉందా అందులో?" గొంతు తగ్గించి అడిగాడు ఫోటోగ్రాఫరు, మూసి ఉన్న తల్లి గది తలుపు వైపు ఓరగా చూస్తూ. "పేరుందా? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు."

"నువ్వు నోరు మూసుకుంటే ఇంకెవరికీ తెలియదు."

"మీ అమ్మండీ ఆవిడ!"

"అందుకే తీయగలిగాను. పరాయివాళ్ళదైతే అంత దగ్గరికి వెళ్ళేవాణ్ణా?"

పిచుకకు ఒళ్ళు మండింది. "దగ్గరికా? మీరా? ఆవిడ మంచం ఎక్కిన దగ్గర్నుంచీ ఆ గుమ్మంలో నిలబడి పలకరించడమే కానీ, లోపల అడుగుపెట్టారా? వాసన, వాసన అని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది ఎవరు?"

"నాకు పడదు. అది నా ఒంటి తత్వం."

"పడకపోవడమేంటి! ఇల్లంతా మీ కుళ్ళు కంపేగా!"

ఆ మాటలో అబద్ధం లేదు. పువ్వు తాజాగా ఉన్నప్పుడు దాని జోలికే పోడు అతను. అంచులు నల్లబడి, కాడలు జిగురు కారి, జాడీలో నీళ్ళు పచ్చగా నురగ కట్టాక అప్పుడు నల్లగుడ్డ పరిచి, పట్టకారుతో ఒక్కో రేకూ సర్ది, గ్లిజరిన్ చుక్కలు చల్లి తీస్తాడు. అందుకని ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన వడిలిన లిల్లీలుంటాయి. సింకు కింద బకెట్‌లో మెత్తబడ్డ గులాబీలుంటాయి. వాటిని పారబోయడానికి వీల్లేదు. ఇన్నేళ్ళుగా అదంతా కళ అనుకుని ముక్కు బిగపట్టుకుని కాపురం చేసింది పిచుక.

"ఆ రోజు," అంది, "నువ్వు కాసేపు నడుం వాల్చు, అమ్మ దగ్గర నేను కూర్చుంటానన్నారు చూడండీ... ఎంత సంబరపడ్డానో తెలుసా? ఇన్నాళ్ళకు కొడుకు మనసు కరిగిందని లోపలికి పోయి కళ్ళు తుడుచుకున్నాను. మీకు కాఫీ పెట్టి తెచ్చిచ్చాను కూడా."

అతను చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"కట్టు విప్పి ఉంచు, కాస్త గాలి తగలనీ అన్నారు. నేనే విప్పాను. నా చేతులతో నేనే విప్పి ఇచ్చాను."

"పుండుకు గాలి తగిలితే మంచిదే కదా," అన్నాడు అతను, గోడ వైపు చూస్తూ.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది.

* * *

వచ్చింది ఆడపడుచు. ఫోటోగ్రాఫరుకి అక్క. ఎగ్జిబిషన్ కోసం కొత్త బట్టలు కట్టుకుని, ఘుమఘుమలాడే సెంటు కొట్టుకుని వచ్చింది. తల్లి మంచాన పడ్డాక ఆమె ఇటు రావడం ఇది రెండోసారో మూడోసారో.

"ఏమిట్రా, వాన్ ఇంకా కిందే ఉంది? ఇదేంటి, ఇది నేల మీద కూర్చుంది?"

"అడుగు దాన్నే."

"ఏమ్మా పిచుకా, ఏమైంది? వాడు జీవితంలో పైకొచ్చేది ఇవాళే కదా. అంత పెద్ద గ్యాలరీలో ఎదురుగా కనిపించే గోడ వీడికిచ్చారు. ఈ రోజా నీ అలకలు?"

"అలక కాదు వదినా. మీరే చూసి చెప్పండి."

పిచుక పక్కకు జరిగింది. తమ్ముడు "వద్దు" అంటున్నా వినకుండా అక్క ఫోటోని పట్టుకుని సగం తిప్పింది. చూసింది. ముఖం విప్పారింది.

"అబ్బ! ఎంత బావుందిరా! ఏం పువ్వు ఇది?" అని అద్దం మీద అరచెయ్యి ఆనించి, ఆ మడతల వెంబడే వేలితో రాసింది.

"మీ అమ్మ పుండు," అంది పిచుక.



ఆడపడుచు చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. తమ్ముడి ముఖంలోకి చూసింది. అతను కాదనలేదు. అంతే, బ్యాగ్‌లోంచి రుమాలు లాగి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఛీ! ఛీ! చెప్పవేంట్రా ముందే? చెయ్యి పెట్టాను కదా!"

"అద్దమేగా అక్కా ముట్టుకుంది."

"అయితే మాత్రం!" రెండడుగులు వెనక్కి వేసింది. ముక్కు చిట్లించుకుంది, ఫోటోలోంచి వాసన వస్తున్నట్టు.

పిచుక ఆశగా చూసింది. ఇప్పుడైనా కన్నకూతురు నాలుగు దులుపుతుందని. ఆడపడుచు రుమాలు మడిచి లోపల పెట్టుకుని, "ఎవరికైనా చెప్పావా?" అంది.

"ఎవరికి చెబుతాను?"

"అదే మంచిది. చెప్పకు. జనం పువ్వే అనుకుంటారు, పువ్వే అనుకోనీ. అయినా అమ్మకేం నష్టం ఇందులో? ఆవిడేమన్నా అక్కడికొచ్చి చూస్తుందా?"

తమ్ముడు చేసిన పని ఆవిడకు రోత పుట్టించలేదు. తల్లి పుండే రోత పుట్టించింది.

"అదేగా నేనూ మొత్తుకుంటున్నది," అందుకున్నాడు ఫోటోగ్రాఫరు, ధైర్యం వచ్చి. "వాడిపోయేదంతా ఒకటే. రేకైతే ఏంటి, చర్మమైతే ఏంటి? దాన్ని చూసే కన్ను ఉండాలి."

"రేకుని ఎవరూ అమ్మా అని పిలవరండీ."

"ఇదుగో, ఈ మాటలే వద్దన్నది!" కసిరింది ఆడపడుచు.

* * *

ఆ గొడవ మధ్యలోనే గ్యాలరీ ఆవిడ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. తెల్లజుట్టు కత్తిరించుకుని, మెడలో కళ్ళద్దాలు వేలాడదీసుకున్న పెద్దమనిషి. మర్యాదస్తురాలు. వస్తూనే అందరికీ నమస్కారం పెట్టింది. పరాయి మనిషి ముందు నేల మీద కూర్చోవడానికి మొహం చెల్లక పిచుక లేచి నిలబడింది. అదే ఆమె చేసిన పొరపాటు. లేచీ లేవగానే ఫోటోగ్రాఫరు ఫోటోని వెలుతురు వైపు తిప్పేశాడు.

"ఆలస్యమవుతోందని నేనే వచ్చాను. ఇది లేకపోతే మన ఎగ్జిబిషనే లేదు కదండీ," అంటూ గ్యాలరీ ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగింది. "ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఈ మడతలు చూడండి, ఎంత కోమలం! ఇక్కడ చూడండి, ఈ తడి... తేనె ఊరుతున్నట్టు లేదూ?"

ఆడపడుచు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

"ఉదయం మంచు పడ్డాక తీశాను," అన్నాడు ఫోటోగ్రాఫరు. ఏమాత్రం తడబడలేదు.

"మీరు అదృష్టవంతులమ్మా," గ్యాలరీ ఆవిడ పిచుక వైపు తిరిగి నవ్వింది. "ఇలాంటి కన్ను ఉన్న మనిషితో కాపురం! పేరు పెట్టమంటే, పేరు పెట్టని పువ్వు అని రాయించమన్నారు. నాకైతే రెండు రోజులు నిద్ర పట్టలేదు. అసలిది ఏం పువ్వో మీకైనా చెప్పారా?"

తేనె అన్న మాట పిచుక చెవుల్లోనే ఉంది. ఆ తడి ఏమిటో ఆమెకు తెలుసు. ఎంతసేపు దూదితో అద్దినా మళ్ళీ ఊరేదది. కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. "ఒక్క నిమిషం" అనగలిగింది కానీ, వాష్ బేసిన్ దాకా వెళ్ళేలోపే నోరు నిండిపోయింది.

ఆ పుండు చీము పట్టి కంపు కొట్టినప్పుడు కూడా ఆమె వాంతి చేసుకోలేదు. నర్సు ఒకావిడ వచ్చి రెండు రోజులకే మానేస్తే, ఎలా కడగాలో నేర్చుకుని తనే కడిగింది. మధ్యలో అత్తగారు "నీకు అసహ్యం వెయ్యట్లేదే?" అంటే, "మీ నోటికన్నా నయమే లెండి" అని ఇద్దరూ నవ్వుకున్న రోజులున్నాయి. ఇప్పుడు మాత్రం బేసిన్ అంచు పట్టుకుని వంగిపోయి, కడుపులో ఏమీ లేకపోయినా ఆగకుండా డోకుతూనే ఉంది.

వెనక నుంచి మొగుడి గొంతు వినపడింది. "రాత్రి తిన్నది పడలేదండీ. మీరు పదండి. వెనకే పంపిస్తాను."

గ్యాలరీ ఆవిడ దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత, మూసి ఉన్న గదిలోంచి నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా ఇంకో గొంతు వచ్చింది.

"పిచుకా. ముఖం కడుక్కుని ఒకసారి ఇలా రా."

* * *

అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేసింది. చెవులకు ఫోను తగిలించుకుని, ఊరందరి మాటలనూ కలిపి, ఏమీ విననట్టు కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. ఒళ్ళు పడిపోయింది కానీ ఆ చెవులు పడిపోలేదు.

గాలి పరుపు మీద ఒక పక్కకు ఒత్తిగిలి, కిటికీ వైపు ముఖం పెట్టి పడుకుని ఉంది.

"తలుపు వెయ్యి. కూర్చో. నీళ్ళు తాగు."

పిచుక మూడు పనులూ చేసింది. గోడలు ఇంత పలచన అని ఇన్నేళ్ళూ తట్టనే లేదు.

"ఫ్రేము వంకరొచ్చింది అత్తయ్యా, అందుకని..."

"చాల్లే. నీకు అబద్ధమాడటం రాదు. మా ఎక్స్ఛేంజిలో అయితే మొదటి రోజే పంపించేసేవాళ్ళు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎలా ఉంది?"

"ఏంటి?"

"ఫోటో. వెనక వైపు ఉంది కదా, నా పుండు నేనే ఎప్పుడూ చూడలేదు. నువ్వు చూశావు, డాక్టరు చూశాడు, ఇప్పుడు ఊరంతా చూస్తుందట. నాకే తెలియదు. బావుందా?"

పిచుక తల దించుకుంది.

"బావుంది అత్తయ్యా. అదే నా బాధ. అంత అందంగా రాకపోయి ఉంటే ఇంత అసహ్యం వేసేది కాదేమో."

అత్తగారు చిన్నగా తలూపింది.

"మీకు నేను మత్తుబిళ్ళ వేసిన టైము చూసుకుని వచ్చాడాయన. నిద్రపోతున్న మనిషిని..."

"నేను నిద్రపోలేదే ఆ రోజు."

పిచుక చప్పున తలెత్తింది.

"మెలకువగానే ఉన్నా. కెమెరా చప్పుడు కూడా విన్నా. టక్కు, టక్కు అని. కళ్ళు మూసుకుని అలాగే పడుకున్నా."

"ఎందుకత్తయ్యా? ఏం చేస్తున్నావురా అని ఒక్క కేక వెయ్యకపోయారా?"

"నా నడుం మీద చెయ్యి వేశాడే. దుప్పటి జరపడానికే అనుకో. అయినా వేశాడు. ఎన్నాళ్ళయిందో వాడి చెయ్యి నాకు తగిలి. కదిలితే తీసేస్తాడని కదల్లేదు."

పిచుక పక్క మీద పరిచిన గుడ్డ అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. బయట హాల్లో అక్కాతమ్ముళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. అవీ వినపడుతూనే ఉన్నాయి ఆవిడకు.

"వాణ్ణి పిలు," అంది అత్తగారు.

వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు కొడుకు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "అమ్మా, అది నువ్వనుకున్నట్టు కాదు..."

"నేనేమీ అనుకోలేదురా. ఫోటో తీసుకెళ్ళు. గోడకు పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు."

అతని ముఖంలోకి ప్రాణం వచ్చింది.

"ఒకటే మాట. ఇవాళ్టి కట్టు ఇంకా మార్చలేదు. అది నువ్వు మార్చాలి. విప్పి, కడిగి, మందు పెట్టి, నీ చేతులతో నువ్వే కట్టాలి. తర్వాత నీ ఇష్టం."

"నాకు చేతకాదమ్మా. ఏదన్నా అయితే?"

"పిచుక చెబుతుంది. చెప్పి బయటికి పోతుంది."

అతను వాచీ చూసుకున్నాడు. హాల్లోంచి అక్క "ఒప్పుకోరా, ఎంతసేపు?" అని నోటితో చప్పుడు రాకుండా సైగ చేసింది.

"సరే," అన్నాడు.

పిచుక ట్రే సర్దింది. సెలైన్ సీసా, దూది, డ్రెస్సింగ్ గుడ్డలు, మందు ట్యూబు, టేపు, చేతి తొడుగులు. ఏది ముందో ఏది తర్వాతో చెప్పింది. అతను వింటున్నాడో లేదో తెలియలేదు, కళ్ళు మాత్రం కిటికీ మీదే ఉన్నాయి. చెప్పడం అయ్యాక బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

* * *

హాల్లో సోఫా అంచున కూర్చుని ఉంది ఆడపడుచు. పిచుక నిలబడే ఉంది. లోపల నీళ్ళ చప్పుడు అయింది. ట్రే కదిలింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ కుర్చీ జరిపినట్టు చప్పుడు.

ఎంత కోపంలో ఉన్నా పిచుక మనసు కొంచెం మెత్తబడింది. ఆ పుండుని కెమెరాలోంచి కాక ఉత్త కళ్ళతో చూస్తే, దూది ఒత్తినప్పుడు తల్లి పళ్ళ బిగువున వచ్చే మూలుగు వింటే, ఎంతటివాడికైనా బుద్ధి రాకపోతుందా అనుకుంది. తనకే తెలియకుండా చేతులు జోడించుకుని నిలబడింది.

తలుపు తెరుచుకుంది. ఫోటోగ్రాఫరు తిన్నగా వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అయిందా?" అంది అక్క.

"అయింది. కట్టేశాను. నమ్మకం లేకపోతే అమ్మనే అడుగు," అన్నాడు పెళ్ళాం వైపు చూడకుండానే. కిటికీలోంచి తొంగిచూసి "పైకి రావయ్యా" అని ఫ్రేములాయన్ని కేకేశాడు.

పిచుక గదిలోకి వెళ్ళింది. బుట్టలో తడిసిన దూది ఉంది. ముద్దచేసిన డ్రెస్సింగ్ గుడ్డ ఉంది. చేతి తొడుగులు ఉన్నాయి. అత్తగారు అటు తిరిగి పడుకుని ఉంది.

"కట్టాడే," అంది, ఈమె అడగకముందే. "బాగానే కట్టాడు. ఏం నొప్పి తెలియలేదు."

"మంచిది అత్తయ్యా. వీపు వెనక దిండు సరిచేస్తా."

దుప్పటి తొలగించి చూసింది. టేపు కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. లాగేటప్పుడు గోటికి తేలిగ్గా దొరకాలని తను రోజూ మడిచే మడత. కట్టు మూల నిన్న రాత్రి పాలు ఒలికిన మరక అలాగే ఉంది.

బుట్టలోని గుడ్డ తీసి విప్పి చూసింది. నీళ్ళకు తడిసిందే తప్ప మరక లేదు.

"అత్తయ్యా, ఇది నిన్న నేను కట్టిన కట్టు."

పిచుక ఆ గుడ్డని మళ్ళీ బుట్టలో పడేసింది.

"ఆయన ముట్టుకోనే లేదు."

"వాడికి చేతులు వణికాయే. తట్టుకోలేక ఏడ్చాడు పాపం. నేనే వద్దులే అన్నాను."

"ఏడ్చాడా?"

"ఊఁ."

"నిజంగా ఏడ్చాడా అత్తయ్యా?"

ఆవిడ కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి. "లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకున్నాడు."

బయట ఫ్రేములాయన దుప్పటి కప్పుతున్న చప్పుడు. "ఆ మూల జాగ్రత్తయ్యా, జాగ్రత్త!" అని మొగుడి అరుపు.

"నువ్వు చూడలేదనుకో," అత్తగారు తల తిప్పకుండానే ఆమె మణికట్టు కోసం తడుముకుంది. "కట్టాడనుకో. మాట తప్పాడని నలుగురిలో వాడి పరువు తియ్యకు. వాడికి మిగిలింది ఆ ఫోటోలే."

పిచుక చెయ్యి విడిపించుకుంది. ఇన్నాళ్ళూ ఈవిడ మీద ఒక్కసారీ కలగనిది ఇప్పుడు కలిగింది. వెగటు. ఇలా కాచి, కప్పి, నోట్లో ముద్ద పెట్టి పెంచింది కదూ ఆ కొడుకుని! విసురుగా కట్టు విప్పేసింది. పుండు బయటపడింది, ఎర్రగా, తడిగా, కిటికీ వెలుతురులో.

పిలవాలనిపించింది. అందరినీ పిలవాలి. సెంటు కొట్టుకొచ్చిన కూతుర్ని, ఫ్రేములాయన్ని, ఆ గ్యాలరీ ఆవిడని వెనక్కి రప్పించి మరీ, ఇదిగో చూడండి, కళ్ళారా చూడండి అని మంచం చుట్టూ నిలబెట్టాలి.

"వదినా!" అని గట్టిగా పిలిచేసింది కూడా.

"ఏంటి?" హాల్లోంచి ఆడపడుచు అడుగుల చప్పుడు.

అప్పుడు కనిపించింది అత్తగారి చెయ్యి. మంచం ఊచను పట్టుకుని వేళ్ళు తెల్లబడ్డాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒళ్ళు బిగబట్టి, కదలకుండా పడి ఉంది. అచ్చం ఆ రోజూ ఇలాగే పడి ఉంటుంది.

పిచుకకు తన మీద తనకే కంపరం పుట్టింది. ఒక్క అంగలో వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది.

"ఏం లేదు వదినా. మీరు అక్కడే ఉండండి."

కర్టెన్ లాగింది. చేతి తొడుగులు వేసుకుని కూర్చుని, రోజూ చేసినట్టే నెమ్మదిగా కడిగి, అద్ది, మందు పెట్టి కట్టు కట్టింది. టేపు అంటించి దుప్పటి కప్పాక, అత్తగారు ఊచ వదిలింది.

"ఇప్పుడేం చేస్తావే?"

"పడుకోండి," అంది పిచుక.

* * *

ఆమె బయటికి వచ్చేసరికి హాల్లో గోడ బోసిగా ఉంది. ఫోటో ఉన్నచోట నేల మీద దుమ్ము గీత మిగిలింది. ఆడపడుచు అద్దంలో చూసుకుంటూ జుట్టు సవరించుకుంటోంది.

"నేనూ వాడితో పాటే వెళ్తాను. నువ్వు ఎలాగూ అమ్మని వదిలి రాలేవుగా."

"మీరు ఇక్కడే ఉంటున్నారు వదినా."

"నేనా?"

"గంటకోసారి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నీళ్ళు చెంచాతో పట్టాలి. గట్టిగా పట్టెయ్యకండి, పొలమారుతుంది. వాసనొస్తే కిటికీ తెరవండి, మీరు మాత్రం బయటికి పోకండి."

"అదేంటి! ఈ కొత్త బట్టలతోనా? ఏయ్, ఆగు! ఒరేయ్ తమ్ముడూ!"

పిచుక అప్పటికే మెట్లు దిగుతోంది. కట్టుకున్న పాత చీర మీద మందు మరకలు అలాగే ఉన్నాయి. జుట్టు ముడి ఊడి ఒక పక్కకు జారింది.

కింద వాన్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల దుప్పటి కప్పిన ఫోటో నిలువుగా కట్టి ఉంది. ఫోటోగ్రాఫరు తాడు ముడి లాగి చూస్తున్నాడు. ఆమెను చూసి ముందు చిరాకుపడ్డాడు, తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"అడిగావుగా అమ్మని? ఏమంది?"

"కట్టారంది."

"చూశావా మరి!"

పిచుక అతని పక్కనుంచే వాన్‌లోకి ఎక్కి, ఫోటో పక్కన ఉన్న ఖాళీ చెక్కపెట్టె మీద కూర్చుంది. అతని నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడ ఆపాలో తెలియనట్టు.

"నువ్వెక్కడికి?"

ఆమె ఫోటో మీద దుప్పటి జారకుండా లాగి సర్దింది.

"అమ్మ దగ్గరెవరున్నారు? అక్కడికొచ్చి ఏం చేద్దామని? ఇదిగో, నిన్నే! అక్కడ పెద్దపెద్దవాళ్ళు వస్తారు. ఏం చేస్తావక్కడ?"

పెళ్ళయిన నాటి నుంచీ అతణ్ణి మీరు అని తప్ప ఆమె ఎన్నడూ పిలవలేదు.

"ఇంకా అనుకోలేదు," అంది పిచుక. "దారిలో అనుకుంటాను. నువ్వు ఎక్కు."